మురుగు చాలని యంత్రం

యంత్రం నడవడం మొదలుపెట్టి అది తొమ్మిదో రోజు. డాక్టర్ సహస్ర మోకాళ్ళ మీద కూర్చుని, పెద్ద గొట్టం మూత విప్పి, లోపలికి ముక్కు పెట్టి వాసన చూసింది. వాసన లేదు. మళ్ళీ చూసింది. మురుగు గొట్టంలోంచి తడి బూడిద వాసన, కాస్త కుంకుడుకాయ వాసన తప్ప ఇంకేమీ రావడం లేదు.

మురుగు కంపు కొట్టలేదని భయపడే మనిషిని ఆ గూడలో ఎవరూ చూసి ఉండరు. చుట్టూ నిలబడ్డవాళ్ళు ఆమె ముఖం చూస్తూ, ఇప్పుడేదో మెచ్చుకుంటుందనే అనుకుంటున్నారు.

"ఎలగుందమ్మ?" అన్నాడు గూడ పెద్ద ఎండయ్య. అరవై దాటిన మనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. "అద్దంనాగుంది గదా. రోజూ రెండు పూట్లా బూడిదేసి తోమిస్తన్నాను."

"ఎందుకు తోమించారు?"

"అదేటమ్మ అలగంటారు. తాగే నీళ్ళు ఇందులోంచే గదా వొస్తాయి. తాగేదాంట్లో మురికెడతామేటి."

సహస్ర మూత పక్కన పెట్టి, అక్కడే నేల మీద కూలబడిపోయింది.

ఈ జుంపరగూడ ఉత్తరాన కొండల మీద, ఒడిశా సరిహద్దుకి ఆనుకుని ఉంటుంది. ముప్పై ఒక్క ఇళ్ళు, నూట ఇరవై మంది జనం. అందరూ సవరలు. వాళ్ళలో వాళ్ళు సవర భాషలోనే మాట్లాడుకుంటారు, బయటివాళ్ళతో కొండ కింది తెలుగు. మనం మాత్రం అంతా తెలుగులోనే చెప్పుకుందాం. రోడ్డు లేదు. మూడేళ్ళ కిందట పెద్దవాన కురిసి కొండ ఒక పక్క జారింది. జారిన చోట లోపలి రాయి బయటపడింది. ఆ రాతిలోంచి ఆర్సెనిక్ అనే విషం ఊటలోకి దిగడం మొదలైంది. దానికి రంగు లేదు, రుచి లేదు. నీళ్ళు ఎప్పటిలాగే చల్లగా, తియ్యగా ఉన్నాయి. తాగినవాళ్ళ అరచేతుల్లో మిరియాల్లాంటి మచ్చలు లేచాయి. తర్వాత తిండి సయించడం మానేసింది. ఆ తర్వాత పిల్లలు పోవడం మొదలైంది.

అందుకని యంత్రం వచ్చింది. దాని పేరు శోధిని. ఈ కథ జరిగేనాటికి నగరాల్లో వీధికొకటి ఉంది. నదులు ఎండిపోయాక నగరాలవాళ్ళు తాము వాడి పారేసిన నీళ్ళనే శోధినితో బాగుచేయించుకుని మళ్ళీ తాగుతున్నారు. మొదట్లో అసహ్యపడ్డారు గాని, దాహం ముందు అసహ్యం ఎన్నాళ్ళు నిలుస్తుంది.

యంత్రం అంటే ఇనుపచక్రాలూ పొగా అనుకోకండి. భూమిలో పాతిన పెద్ద తొట్టి అది. అందులో కంటికి కనిపించని సూక్ష్మజీవులుంటాయి. ల్యాబులో పెంచి, పని నేర్పినవి. మనుషుల మురుగే వాటి తిండి. అది తిన్న బలంతో నీళ్ళలోని ఆర్సెనిక్‌ని పట్టుకుని తమ ఒంట్లో దాచుకుంటాయి. మిగిలిన నీళ్ళు పల్చటి పొరలోంచి వడకట్టుకుని కుళాయికి వస్తాయి. తిండి చాలకపోతే మాత్రం ఆ జీవులు చచ్చిపోతాయి. చచ్చేటప్పుడు దాచుకున్న విషమంతా ఒక్కసారిగా నీళ్ళలోకి వదిలేస్తాయి. అందుకే తొట్టి మీద ఒక దీపం పెట్టారు. ఆకుపచ్చగా ఉంటే యంత్రం కడుపు నిండా తిన్నట్టు. పసుపైతే ఆకలి. ఎరుపైతే చావు దగ్గరపడ్డట్టు, అప్పుడు కుళాయిలు వాటంతటవే మూసుకుంటాయి.

ఆ దీపం మూడు రోజులుగా పసుపుగా ఉంది. గూడవాళ్ళు పసుపు శుభమనుకుని ఊరుకున్నారు.

"మరి మరుగుదొడ్లు?" అంది సహస్ర. ఇంటికొకటి కట్టించారు.

"మామిడాకులు కట్టి అలగే ఉంచినాం," అన్నాడు ఎండయ్య. "కొత్త అవకుండా ఎలగ ఎల్తాం."

కొత్త అంటే వాళ్ళ ఆచారం. కందులు పండితే కందికొత్త, కొర్రలు పండితే కొర్రకొత్త. చనిపోయిన పెద్దలకి ముందు పెట్టకుండా కొత్త పంటని ఎవరూ నోట పెట్టరు. ఇప్పుడు కొత్త నీళ్ళొచ్చాయి. నీళ్ళకి కొత్త ఎప్పుడూ చెయ్యలేదు గనక పెద్దవాళ్ళంతా కూర్చుని ఆలోచించి, పన్నెండో రోజున చేద్దామని పెట్టుకున్నారు. అందాకా ఆ నీళ్ళు తాగకూడదు, అవి వచ్చే దారి మైల చెయ్యకూడదు. తాగడానికి కింద వాగు నీళ్ళే. మామూలుగానే ఆ ఇళ్ళలో పారబోసే నీళ్ళంటూ ఉండవు. బియ్యం కడుగు పందులకి, గంజి మనుషులకి, స్నానం నీళ్ళు అరటి పాదుకి. ఆ కాస్త మురికి కూడా పడకుండా ఈ తొమ్మిది రోజులూ కాపలా కాశారు. గొట్టాల్లో పోసింది బూడిద నీళ్ళు, కుంకుడు రసం. రెండూ ఆ జీవులకి విషమే.

సహస్ర ఇదంతా వింటుండగానే దీపం పసుపులోంచి ఎరుపుకి తిరిగింది. ముప్పై ఒక్క ఇళ్ళ కుళాయిలూ ఒకేసారి టక్కుమని మూసుకున్న చప్పుడు వినిపించింది.

"ఏటయినాది?" అంది ఒకామె వెనకనుంచి.

ఆమె పేరు మిన్నమ్మ. ముప్పై ఏళ్ళు ఉండవు. చంకలో నాలుగేళ్ళ కూతురు తవిటమ్మ ఉంది. నాలుగేళ్ళ పిల్ల చంకలో అంత తేలిగ్గా ఒదగకూడదు. మిన్నమ్మకి ముందు ఇద్దరు పిల్లలు పుట్టారు, సూరయ్య, గౌరి. ఇద్దరూ కిందటేడు వానల్లో నెల తేడాలో పోయారు. ఇప్పుడు తవిటమ్మ అరచేతుల్లో మచ్చలున్నాయి. ఫోనులో చూసిన డాక్టరు, ఆరు నెలలు మంచినీళ్ళు తాగితే పిల్ల తేరుకుంటుందనీ, తాగకపోతే వచ్చే వానాకాలం దాటడం కష్టమనీ చెప్పాడు.

"యంత్రం ఆగిపోయింది," అంది సహస్ర.

"మరి ఊట తెరవరేటి?"

ఊట తెరిచే వీలు లేదు. నియమం ప్రకారం యంత్రం మొదలైన రోజే ఊట నోటికి కాంక్రీటు పోసి, గొట్టంతో తొట్టిలోకి కలిపేశారు. ఇక మిగిలింది ఆరు కిలోమీటర్ల కింద ఉన్న ఆ వాగే, వాళ్ళ మాటల్లో గెడ్డ. అదీ ఆ కొండ నీళ్ళే. విషం సగం, అంతే తేడా.

మిన్నమ్మ పిల్లని ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుంది.

సహస్ర తేరుకుని అందరినీ కూర్చోబెట్టింది. వయసు ముప్పై రెండు. సముద్రం పక్క నగరంలో పుట్టి పెరిగింది. శోధినిలోని జీవులని పెంచినవాళ్ళలో ఆమె ఒకతె. "ఇది పెరుగు తోడు లాంటిదమ్మా. పాలు పోస్తుంటేనే బతికుంటుంది."

ఎవరికీ ఎక్కలేదు.

"మాము పాలు పిండమమ్మ," అంది మిన్నమ్మ అత్త సుక్కమ్మ. "అయి దూడవి గదా."

సుక్కమ్మే మళ్ళీ అంది, "జీలుగు కల్లు కుండ అడుగున మడ్డి ఉంటాది. అది కడిగీసినామంటే రేపటి కల్లు పులవదు. అలాటిదేటి?"

"అదే. సరిగ్గా అదే."

"అలగైతే కల్లే పోసీండి, లేస్తాది."

"కల్లు పోస్తే చచ్చిపోతాయమ్మా."

"ఎండయ్య మావ సావనేదు గదా ఇన్నేళ్ళూ," అంది సుక్కమ్మ. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఎండయ్య వినబడనట్టు దీపం వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆ రోజే మరుగుదొడ్లకి కట్టిన మామిడాకులు విప్పారు. పెద్దలకి కోపం రాకుండా ఎండయ్య ఒక కోడిని కోసి, కొత్తకి ముందే దారి మైల చేస్తున్నందుకు క్షమించమని చెప్పుకున్నాడు. మర్నాటినుంచి పొద్దున్నే అందరూ అక్కడికే వెళ్ళాలి, కొండ మీదకి ఎవరూ వెళ్ళకూడదు. పోడు చేనుకి పోయినవాళ్ళు సైతం మధ్యలో దిగి వచ్చి వెళ్ళాలి.

"లోపల కూకుంటే గోడ నన్నే సూస్తన్నట్టుంది," అని సుక్కమ్మ గొణిగింది. "అరవయ్యేళ్ళు ఆకాశం సూసుకుంటా కూకున్నదాన్ని."

"కళ్ళు మూసుకో అత్తా," అంది మిన్నమ్మ.

"మూసుకుంటే నిద్దరొస్తంది."

బియ్యం కడుగు గొట్టంలోకి పోశారు. పందులు అరిచాయి. స్నానం నీళ్ళు గొట్టంలోకి పోశారు. అరటి మొక్కలు వాడాయి. వారం గడిచింది. దీపం ఎర్రగానే ఉంది. గూడలో మగవాళ్ళు వంతులేసుకుని గెడ్డ నుంచి నీళ్ళు మోస్తున్నారు. మిన్నమ్మ భర్త జమ్మయ్య రెండు బిందెలు కావడికి తగిలించుకుని రోజూ రెండుసార్లు దిగి ఎక్కుతున్నాడు. తవిటమ్మ ఆ నీళ్ళే తాగుతోంది, సగం విషం ఉన్న నీళ్ళు.

ఎనిమిదో నాడు సహస్ర తన టాబ్లెట్ పట్టుకుని ఎండయ్య ఇంటి అరుగు మీద కూర్చుంది. గూడవాళ్ళు కింద చేరారు. మురుగులో తిండి ఎంతుందో యంత్రం కొలిచి, ఆ టాబ్లెట్‌కి పంపుతుంది.

"కొంతమంది ఇంకా కొండ మీదకే వెళ్తున్నారు," అంది. "నూట ఇరవై మంది ఉండాలి. అరవై మందిదే వస్తోంది."

"ఒక్కరూ ఎల్లడం నేదమ్మ," అన్నాడు ఎండయ్య. "నా ఎదరే గదా అందరూ పోతన్నారు. సివరికి నేను కాపలా కాసే ఉద్దోగం ఇదయినాది."

"మరి సగమే వస్తోందేం?"

సుక్కమ్మ చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతోంది. చేట ఆపకుండానే అంది, "సగమే తింటన్నాం గదమ్మ. తిననిది ఎక్కడినుంచొస్తాది."

సహస్ర తలెత్తి చూసింది. యంత్రాన్ని నగరం కడుపుల లెక్కతో తయారుచేశారు. మూడు పూటలా తిని, మిగిలింది పారేసే కడుపులు. వీళ్ళు పొద్దున ఒక గిన్నె చోడంబలి, పొద్దుగూకే ముందు ఇంకో గిన్నె. దొరికిన రోజున దుంపలు. ఈ సంగతి ఏ కాగితంలోనూ ఎవరూ రాయలేదు. అడిగినవాళ్ళూ లేరు.

"చిన్న యంత్రం ఇవ్వరేటి?" అన్నాడు ఎండయ్య.

"తయారుచెయ్యాలి. రెండేళ్ళు పడుతుంది."

"పేడేస్తే?"

"పేడలో పీచుంటుంది. పొర మూసుకుపోతుంది." సహస్ర ఎవరి ముఖమూ చూడకుండా అంది. "అంబలైతే తింటాయి. ఇంటికి ఒక గిన్నె. పల్చగా కాచి, ఉప్పు వెయ్యకుండా."

అరుగు కింద కూర్చున్నవాళ్ళలో ఎవరూ కదల్లేదు. ఆ మాట అన్నందుకు సహస్ర చెవులు ఎర్రబడ్డాయి. తిండి చాలని ఇంటికెళ్ళి, మా యంత్రానికి కూడా పెట్టండి అని అడిగినట్టయింది. అడిగినట్టేమిటి, అడిగింది అదే.

మిన్నమ్మ లేచి తమ ఇంటికి వెళ్ళింది. పొయ్యి పక్కన మూతేసిన గిన్నెలో తవిటమ్మ సాయంత్రం తినాల్సిన అంబలి ఉంది. దాన్ని తెచ్చి, అందరి ముందునుంచీ నడిచి, గొట్టం నోట్లో పోసేసింది. వేలితో గిన్నె అడుగు తుడిచి, ఆ వేలు మాత్రం పిల్ల నోట్లో పెట్టింది.

"నా ఇంటిది అయిపోనాది," అంది.

తర్వాత ఒక్కొక్కరే లేచారు.

అంబలి పొయ్యడం మొదలుపెట్టిన ఆరో రోజుకి దీపం పసుపైంది. పదో రోజుకి ఆకుపచ్చ. ఆ మర్నాడు నీళ్ళకొత్త చేశారు. అడ్డాకు దొప్పల్లో కుళాయి నీళ్ళు పట్టి, ఒక్కో ఇంటివాళ్ళూ తమ చనిపోయినవాళ్ళ పేర్లు చెప్పి నేల మీద పోశారు. తాతలు, ముత్తాతలు, ముసలివాళ్ళు. మిన్నమ్మ వంతు వచ్చింది. సూరయ్య అంది, పోసింది. గౌరి అంది, పోసింది. నీళ్ళ వల్ల పోయిన పిల్లలకి మంచినీళ్ళు మట్టిలో పోయాల్సి వచ్చింది. ఆపైన మూడో దొప్ప తవిటమ్మ నోటికి అందించింది. పిల్ల ముఖం ముడిచింది.

"సప్పగుంది."

"ఊటకి రాయి రుచుంటాదే. దీనికి నేదు. తాగు."

సహస్ర మర్నాడు మనుషుల్ని మోసే డ్రోను ఎక్కి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మిన్నమ్మ చేతులు పట్టుకుంది.

మూడు నెలలు గడిచాయి. యంత్రాన్ని పిల్లలంతా కడుపు అని పిలవడం మొదలుపెట్టారు. పొద్దున్నే ప్రతి ఇంట్లోనూ ముందు కడుపు గిన్నె కాచి, తర్వాత తమది కాచుకుంటున్నారు. ఆలస్యమైతే దీపం పసుపు పడుతుంది. పసుపు చూస్తే గూడంతా గుండెలు అరచేతిలో పెట్టుకుంటారు. ఒకసారి ఎండయ్య కోడలు మర్చిపోతే మూడిళ్ళవాళ్ళు వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

తవిటమ్మ అరచేతుల్లో మచ్చలు పలచబడ్డాయి. వాంతులు తగ్గాయి. ఆకలి వేస్తోంది. ఆ ఆకలి చూసి మిన్నమ్మ మొదట మురిసిపోయింది. తర్వాత భయపడింది. పిల్ల తిననన్నన్నాళ్ళూ ఇంట్లో ఉన్న తిండి సరిపోయింది. ఇప్పుడు తింటానంటోంది.

పిల్లలకోసం ప్రతి మంగళవారం ఒక డ్రోను వచ్చేది. బియ్యం, కందిపప్పు, బలం పొడి ఉన్న సంచులు కొండ మీది చదునురాయి మీద దించి పోయేది. ఆరేళ్ళ లోపు పిల్లలున్న ప్రతి ఇంటికీ ఒక సంచి. నిజానికి గూడని ఆ సంచులే నిలబెడుతున్నాయి. పిల్లల సంచుల్లోంచి వచ్చిన బియ్యంతోనే అందరి కడుపులూ, ఆ యంత్రం కడుపుతో కలిపి, నడుస్తున్నాయి.

ఒక మంగళవారం డ్రోను రాలేదు. మబ్బు పట్టిందనుకున్నారు. రెండో మంగళవారమూ రాలేదు. ఆడవాళ్ళు గంపలు పక్కన పెట్టుకుని ఎండ తిరిగేదాకా రాయి మీద కూర్చుని వచ్చారు. మూడో వారం ఎండయ్య పంచాయతీ ఫోను పట్టుకుని సరఫరా కేంద్రానికి చేశాడు. మనిషి కాదు, గొంతు ఒకటి పలికింది.

"జుంపరగూడ. పోషణ స్థాయి ఉత్తమం. సరఫరా అవసరం లేదు. అభినందనలు."

"ఏటి ఉత్తమం బావూ?" అన్నాడు ఎండయ్య.

"అభినందనలు," అంది గొంతు.

అది మనిషి కాదని తెలిశాక కూడా ఎండయ్య కాసేపు చెప్పుకుంటూనే ఉన్నాడు, పిల్లల పేర్లూ వాళ్ళ వయసులూ. తర్వాత సహస్రకి చేశాడు.

ఆమె రెండో రోజునే వచ్చింది. మనిషి నలిగిపోయి ఉంది. ఈసారి ఎండయ్య అరుగు మీద గూడంతా చేరింది. ఆమెకి దొప్పలో నీళ్ళిచ్చారు. వేరే ఏమీ ఇవ్వలేకపోయినందుకు సుక్కమ్మ సిగ్గుపడింది.

"తప్పు నాది," అంది సహస్ర. "శోధిని మురుగులోని తిండి కొలుస్తుందని చెప్పాను కదా. ఆ కొలత నాకొక్కదానికే కాదు, సరఫరా కేంద్రానికి కూడా వెళ్తోంది. ఏ ఊరు ఎంత తింటోందో దాన్ని బట్టి చూసుకుని, తక్కువ తినే ఊరికి సంచులు పంపుతారు. అధికారులు తిరిగి చూడనక్కర్లేదని ఈ మధ్యే పెట్టారు. మీరు పోసే అంబలిని అది మీరు తిన్న తిండిగా లెక్కేసింది. అరగకుండా మురుగులోకి వచ్చేటంత తింటున్నారని రాసింది."

సుక్కమ్మకి నవ్వొచ్చింది. మొదట మెల్లగా, తర్వాత ఆపుకోలేక, ఎముకలు తేలిన భుజాలు ఊగిపోయేలా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నాళ్ళకి మనం కలిగినోళ్ళం అయినామే కోడలా."

"నేను మూడుసార్లు రాశాను, ఇది పొరపాటని," అంది సహస్ర. "జవాబు కూడా ఆ గొంతే ఇస్తోంది. ఒక ఫారం నింపమంది." టాబ్లెట్ తీసి మధ్యలో పెట్టింది. "ఇందులో ఒకటే ప్రశ్న. మనుషుల మురుగు కాక ఇంకేదైనా యంత్రానికి పోస్తున్నారా అని. అవును అంటే సంచులు మళ్ళీ వస్తాయి."

"అయితే అవునని రాయండి," అన్నాడు జమ్మయ్య.

"అవును అని రాస్తే, ఈ గూడకి ఈ యంత్రం తగదని తేలుతుంది. పదిహేను రోజుల్లో విప్పి తీసుకుపోతారు. వరసలో వేరే ఊళ్ళు మూడు వందలున్నాయి. వాళ్ళకీ మీలాంటి నీళ్ళే."

"కాదు అని రాస్తే?"

"యంత్రం ఉంటుంది. సంచులు రావు."

"రెండూ రాయడానికి చోటు లేదేటి?" అన్నాడు ఎండయ్య.

"రెండు గడులే ఉన్నాయి మావయ్యా."

ఆమె అతన్ని మావయ్యా అని పిలవడం అదే మొదలు. ఎండయ్య తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపు దాన్నే మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"నాను సెప్పలేను," అన్నాడు చివరికి. "నాకు రోగమొచ్చినా ఆకలొచ్చినా ఒకటే, ఈ ఏడు కాకపోతే పై ఏడు. పిల్లలున్న తల్లులు సెప్పాల."

తల్లులు ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి అందరూ మిన్నమ్మ వైపు తిరిగారు. రెండుసార్లు ఆ నష్టం చూసిన మనిషి ఆమె. ఆ చూపులు తన మీద పడగానే మిన్నమ్మ తల దించుకుంది. నలుగురిలో మాట్లాడే అలవాటు ఆమెకి లేదు. నేల వైపు చూస్తూనే అడిగింది.

"ఆకలికైతే కొండుంది గదమ్మ. అడవి దుంపలుంటాయి, ఈతపిందెలుంటాయి. తవ్వుకుంటాం. దొరక్కపోతే పస్తు. పస్తు మాకు తెలుసు. ఎన్నాళ్ళుండొచ్చో, ఎప్పుడు లేవలేకపోతామో తెలుసు." ఊపిరి తీసుకుంది. "ఆ విషం కనిపించదు. అది వొంట్లో ఉన్నాదని ఎలగ తెలస్తాదమ్మ? గౌరి పోయిన రోజు పొద్దున కూడా నాను ఆ నీళ్ళే పట్టినాను. తియ్యగున్నాయి తల్లీ తాగు అన్నాను."

సహస్ర టాబ్లెట్ ఒళ్ళోకి తీసుకుంది.

"రాయండమ్మ," అంది మిన్నమ్మ. "మాము బాగా తింటన్నామని రాయండి."

సహస్ర అందరి ముఖాలూ చూసింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. జమ్మయ్య లేచి అవతలకి వెళ్ళిపోయాడు. ఆమె వేలు కాసేపు గాలిలో ఆగి, తర్వాత కాదు అన్న గడి మీద పడింది. టాబ్లెట్ వెంటనే ఒక కాగితం బొమ్మ చూపించింది. బంగారు అంచు, కింద ముద్ర. ఈ కొండల్లో మంచి పోషణ సాధించిన మొదటి గూడ జుంపరగూడేనని అందులో ఉంది. మీ వంటకాల వివరం పంపితే మిగతా గూడలకి నేర్పిస్తామని కూడా ఉంది. సహస్ర అది చదివి వినిపించలేదు. టాబ్లెట్ బోర్లించి పెట్టింది. చిన్న యంత్రం రెండేళ్ళు పట్టకుండా చేస్తానని, ఏడాదిలోపు తెస్తానని అంది. అంటున్నప్పుడు ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు.

తర్వాతి నెలలో మిన్నమ్మ రోజూ తెల్లారగానే గునపం పట్టుకుని కొండెక్కేది. దగ్గర దుంపలు అయిపోయాయి. దూరం వెళ్ళాల్సి వస్తోంది. ఇంట్లో ఉన్న చోళ్ళు రోజుకి ఒక గిన్నె అంబలికి వస్తాయి. అది ముందు కడుపుకి. మిగిలిన అడుగుది నీళ్ళు కలిపి తవిటమ్మకి. దుంపలు దొరికితే పెద్దవాళ్ళకి. పిల్ల చేతులు పూర్తిగా తేటపడ్డాయి. ఫోనులో చూసిన డాక్టరు, విషం దాదాపు పోయిందన్నాడు. ఇక బలంగా తినిపించండి అన్నాడు.

ఒక రోజు మిన్నమ్మ దుంపలు దొరక్క తొందరగా దిగి వచ్చింది. గూడ మొగలోకి వచ్చేసరికి తొట్టి మీద దీపం పసుపుగా కనిపించింది. ఎవరింట్లోనో ఈ పూట గిన్నె రాలేదు. ఎవరిని అడుగుతాం.

తొట్టి దగ్గర తవిటమ్మ ఒక్కతే ఉంది. నాయనమ్మ కునుకు తీస్తుంటే వచ్చినట్టుంది. రెండు చేతులతో తన గిన్నె పట్టుకుంది. అందులో మిన్నమ్మ పొద్దున మూతపెట్టి వెళ్ళిన పిల్ల వాటా ఉంది. అది తినలేదు. గొట్టం నోటి దగ్గర గొంతుక్కూర్చుని, తనకి అన్నం పెట్టేటప్పుడు తల్లి అనే మాటలే అంటోంది.

"ఆ అను. ఇంకొంచెం. తినీసి ఆడుకుందువు గాని."

మిన్నమ్మ ఒక అడుగు వేసింది. కేకేస్తే పిల్ల ఆగుతుంది. దీపం ఇంకా పసుపుగానే ఉంది.

ఆమె కేకెయ్యలేదు. పిల్ల గిన్నె పూర్తిగా వంచి, అడుగు వేలితో తుడిచి, ఆ వేలు కూడా గొట్టం అంచుకి రాసేదాకా అలాగే నిలబడింది. తర్వాత వెళ్ళి, పిల్ల చేతిలోంచి ఖాళీ గిన్నె తీసుకుని, కుళాయి కింద కడిగి, నిండా నీళ్ళు పట్టి ఇచ్చింది.

తవిటమ్మ ఆ నీళ్ళన్నీ తాగి, ఇంకో గిన్నె కావాలంది.

"తాగమ్మా," అంది మిన్నమ్మ. "ఎంత కావాలంటే అంత తాగు."